అతిథి వచ్చారు, మాట అందలేదు

గత ఆదివారం మా చిత్రోత్సవం లెక్కలు చూసుకోవడానికి గ్రంథాలయం మేడ మీద కూర్చున్నాం. మూడు రోజుల పండుగ ముగిసి రెండు వారాలైంది. గోడకు కట్టిన తెల్లటి తెర ఇంకా విప్పలేదు. కోశాధికారి మాస్టారు పద్దుల పుస్తకం తెరిచి ఒక్కొక్క అంకె చదివి, చివర కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "అతిథుల రైలు టిక్కెట్లు, లాడ్జి గదులు, భోజనాలు కలిపితే మన ఖర్చులో సగం దాటింది. చిత్రాలు ఎలాగూ లింకుల రూపంలో వచ్చేస్తున్నాయి. వాటి వెంట మనుషులు కూడా రావలసిన అవసరం ఏమిటో ఎవరైనా చెప్పండి" అన్నారు.

ఆయన కోపంతో అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నాలుగేళ్లుగా దుకాణం దుకాణం తిరిగి చందాలు పోగు చేస్తున్నది ఆయనే. వంద రూపాయలు ఇచ్చిన వాళ్లకు కూడా రసీదు రాసి ఇస్తారు. ఆ ప్రశ్న అడిగే హక్కు మా అందరికన్నా ఆయనకే ఎక్కువ.

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అందరి ముందు అప్పటికప్పుడు అది చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను అనుకుంటున్నది ఇది. మనిషి రావాలి. కానీ వచ్చిన మనిషి మాట మనకూ, మన మాట ఆ మనిషికీ చేరే ఏర్పాటు చేయలేకపోతే మాస్టారి లెక్కే సరైనది. అప్పుడు లింకు చాలు. మేము ఇప్పటిదాకా చేస్తున్నది మనుషుల్ని రప్పించడం, శాలువా కప్పడం, తిరిగి రైలెక్కించడం. మాటను రప్పించే పని ఇంకా మొదలుపెట్టలేదు.

ఒక ప్రశ్న, నా అనువాదం

రెండో రోజు సాయంత్రం అస్సాం నుంచి వచ్చిన ఒక దర్శకురాలి డాక్యుమెంటరీ వేశాం. బ్రహ్మపుత్ర కోతకు ఏటా కొంచెం కొంచెంగా నదిలో కలిసిపోతున్న ఒక ఊరి కథ. డెబ్బై నిమిషాలు. మాటలు అస్సామీలో, తెర కింద అక్షరాలు ఇంగ్లీషులో. హాలులో నూట ఇరవై మంది ఉంటే, ఆ అక్షరాలను ఆ వేగంతో చదవగలిగిన వాళ్లు నలభై మందికి మించరు. ఈ లెక్క అప్పుడు వేసుకోలేదు, ఇప్పుడు వేసుకుంటున్నాను.

చిత్రం అయ్యాక అరగంట ముఖాముఖి అని కరపత్రంలో వేశాం. ముఖ్య అతిథి ప్రసంగం, సన్మానం, జ్ఞాపికలు ముగిసేసరికి పది నిమిషాలు మిగిలాయి. హాలు తాళాలు ఎనిమిదిన్నరకు అప్పగించాలి. దర్శకురాలి మాటలను తెలుగులోకి, జనం ప్రశ్నలను ఇంగ్లీషులోకి మార్చే పని నాకు అప్పజెప్పారు. ఇంగ్లీషు వచ్చు కదా, అది చాలు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

వెనుక వరుసలో నుంచి ఒక పెద్దాయన లేచారు. డెబ్బై దాటి ఉంటాయి. మైకు అందుకుని చాలాసేపు మాట్లాడారు. గోదావరి తన లంకను ఎలా కోసిందో, తాత నాటి పొలం ఎటు పోయిందో, అవతలి ఒడ్డున ఏం జరుగుతోందో చెప్పుకొచ్చారు. నేను గడియారం వైపు చూస్తూ విన్నాను. ఆయన ఆపగానే దర్శకురాలి వైపు తిరిగి ఒక్క వాక్యంలో చెప్పేశాను: వీళ్ల ఊరిలోనూ నది కోత ఉందట, మీ ఊరివాళ్లకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చిందా అని అడుగుతున్నారు.

ఆవిడ పరిహారం గురించి చెప్పారు. దరఖాస్తులు, కట్టల మరమ్మతులు, ఏళ్ల తరబడి నిరీక్షణ. నేను దాన్ని తెలుగులో చెప్పాను. పెద్దాయన నిలబడే విన్నారు. "అది కాదండీ" అన్నారు. ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత మైకు పక్కవాళ్లకు ఇచ్చి కూర్చున్నారు.

ఆ "అది కాదండీ" నేను అనువదించలేదు. దర్శకురాలికి ఆ మాట అర్థం కాలేదు. చప్పట్లు కొట్టారు, తాళాలు వేశారు.

మర్నాడు ఉదయం ఆయన బస్టాండు ఎదురుగా టీ దుకాణం దగ్గర కనిపించారు. నేనే వెళ్లి పలకరించాను. నిన్న మీరు అడిగింది నేను సరిగా చెప్పలేదు, మళ్లీ చెప్పండి అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోకుండా మొదటి నుంచి చెప్పారు. ఆయన తాతగారికి లంకలో పట్టా భూమి ఉండేది. అందులో లంక పొగాకు వేసేవారు. ఏడాదికి కొంత చొప్పున గోదావరి దాన్ని కోసుకుపోయింది. కోసిన మట్టి ఎక్కడికీ పోలేదు. దిగువన అవతలి ఒడ్డుకు ఆనుకుని మేట వేసింది. కొన్నేళ్లకు ఆ మేట గట్టిపడి గడ్డి మొలిచింది. ఆ ఒడ్డు ఊరివాళ్లు దాన్ని దున్నుకోవడం మొదలుపెట్టారు.

"నా పట్టాలో సర్వే నంబరు ఉంది బాబూ. ఆ నంబరు ఇప్పుడు నీళ్ల మీద ఉంది. నా మట్టి మాత్రం అవతల ఉంది. ఆ మట్టి ఎవరిది? ఆవిడ చూపించిన ఊళ్లో పోయిన మట్టి ఎక్కడో తేలే ఉంటుంది కదా. దాన్ని ఎవరు దున్నుతున్నారు? ఈ ఊరివాళ్లూ ఆ ఊరివాళ్లూ కొట్టుకోలేదా? మళ్లీ మాట్లాడుకున్నారా? అది అడిగాను."

నష్టపరిహారం అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. అది నేను తెచ్చిపెట్టిన మాట. నదికోత అంటే పరిహారం అని నా తలలో ముందే ఒక గూడు ఉంది, ఆయన ప్రశ్నను తీసుకువెళ్లి అందులో పెట్టేశాను.

తెర కింద అక్షరాలు చదవగలిగారా అని అడిగాను. "నేను చదవలేదు. ఒడ్డు విరిగి నీళ్లలో పడే చప్పుడు విన్నాను. ఆ చప్పుడు మాకు తెలుసు" అన్నారు. చిత్రాన్ని ఆ హాలులో అందరికన్నా దగ్గరగా చూసిన మనిషి ఆయనే. ఆయన ప్రశ్న కోసమే ఆవిడ రెండు రాత్రులు రైలులో ప్రయాణం చేసి వచ్చారని ఇప్పుడు అనిపిస్తుంది. ఇద్దరి మధ్యా నిలబడి, ఆ ప్రశ్న అవతలికి చేరకుండా చేసింది నేను. అప్పటికే ఆవిడ తెల్లవారుజామున బండిలో వెళ్లిపోయారు.

యమగాటాలో చూసింది

మనసు ఇంతగా కలవరపడటానికి మరో కారణం ఉంది. ఈ పని ఎలా చేయాలో నేను ఒకసారి కళ్లారా చూశాను.

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2019 అక్టోబరులో యమగాటా వెళ్లాను. టోక్యో నుంచి రైలులో మూడు గంటల లోపు ప్రయాణం. రెండున్నర లక్షల జనాభా, మన రాజమహేంద్రవరం కన్నా చిన్న ఊరు. అక్కడ రెండేళ్లకొకసారి అంతర్జాతీయ డాక్యుమెంటరీ చిత్రోత్సవం జరుగుతుంది. 1989లో ఆ ఊరు నగరంగా ఏర్పడి వందేళ్లు నిండిన సందర్భంగా మొదలైంది. ఆ ఊరికి ఆ ఆలోచన రావడం వెనుక షిన్సుకే ఒగావా అనే దర్శకుడు ఉన్నాడు.

ఒగావా గురించి కొంచెం చెప్పాలి. జపాన్ వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది మొదట కాలుపెట్టేది నరీతా విమానాశ్రయంలో. అది కట్టడానికి పొలాలు తీసుకున్నప్పుడు సన్రిజుకా రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. ఒగావా తన బృందంతో అక్కడికి వెళ్లి, రైతుల మధ్య నివాసం ఉండి, 1968 నుంచి వరుసగా చిత్రాలు తీశాడు. తర్వాత 1970ల నడిమిలో బృందమంతా యమగాటా పక్కనున్న మగినో అనే పల్లెకు మకాం మార్చింది. పదేళ్లకు పైగా అక్కడే ఉండి, వరి పండిస్తూ, ఆ వరి గురించీ ఆ ఊరి గురించీ చిత్రాలు తీశారు. అతిథిగా వచ్చిన దర్శకుడు ఒక ఊరికి ఎంత సమయం ఇవ్వగలడో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలియదు.

నేను శుక్రవారం రాత్రి చేరాను. శనివారం హగిబిస్ తుపాను వచ్చింది. టోక్యో వైపు రైళ్లు ఆగిపోయాయి. ఎటూ వెళ్లే దారి లేక, ఉదయం నుంచి రాత్రి దాకా చిత్రాలు చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడాది మన ఈశాన్య రాష్ట్రాల డాక్యుమెంటరీలతో ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. "వసంతపు సవ్వడి, తుపాకి మందు వాసన" అనే అర్థం వచ్చే పేరు. ఆంధ్రలో పుట్టి, హైదరాబాదులో చదివి, అప్పటిదాకా ఒక్క మణిపురి చిత్రమైనా చూడని నేను, మొదటిసారి వాటిని జపాన్‌లో చూశాను. ఆ సిగ్గు కూడా నేను ఇంటికి వచ్చాక ఈ చిత్రోత్సవం పనిలో చేరడానికి ఒక కారణం.

ఒక చిత్రం తర్వాత ప్రశ్నల సమయం వచ్చింది. వేదిక మీద అతిథి, పక్కన దుబాసీ. ఆవిడ చేతిలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. ముందు వరుసలో ఒక వృద్ధుడు లేచి, వరిపనల కట్టకు వేసిన ముడి గురించి ఏదో అడిగాడు. నాకు అప్పటికి జపనీస్ కొంత వచ్చు గానీ, ఆయన మాట్లాడిన యాస సగం అర్థం కాలేదు. దుబాసీకి కూడా ఎక్కడో సందేహం వచ్చినట్టుంది. వెంటనే ఇంగ్లీషులోకి మార్చలేదు. వృద్ధుడి వైపు తిరిగి మళ్లీ అడిగింది. ఆయన చేతులతో గాలిలో ముడి వేసి చూపించాడు. ఆవిడ తల ఊపి, అప్పుడు అతిథికి చెప్పింది, తన చేతులతో ఆ ముడి కూడా చూపిస్తూ. అతిథి ముఖం వెలిగిపోయింది. మెడలోని కండువా తీసి, తమ ఊళ్లో ఎలా వేస్తారో వేసి చూపించారు. హాలంతా ముందుకు వంగి చూసింది.

ఆవిడ మళ్లీ అడిగింది. నేను అడగలేదు. రెండు చిత్రోత్సవాల మధ్య డబ్బులో, పేరులో ఎంత తేడా ఉన్నా, ఆ సాయంత్రానికి సంబంధించినంత వరకు తేడా ఇదొక్కటే.

హాలులో సమయం మించిపోతే అతిథిని వరండాలోకి తీసుకువెళ్లారు. దుబాసీ వెంట వెళ్లింది. అడగవలసిన వాళ్లు చుట్టూ చేరారు. రాత్రి పది దాటాక అందరూ కోమియాన్ అనే చోటికి చేరేవారు. 1885లో మొదలైన ఒక ఊరగాయల దుకాణం తాలూకు పాత గోదాము అది. చాపల మీద కూర్చుని, దర్శకులూ ఊరివాళ్లూ విద్యార్థులూ ఒకే బల్ల చుట్టూ అర్ధరాత్రి దాటేదాకా మాట్లాడుకునేవారు. ఉప్పులో ఊరిన ముల్లంగి వాసన మధ్య మణిపూర్ గురించి జపాన్ అమ్మాయి నన్ను ప్రశ్నలు అడిగింది. చాలావాటికి నాకు జవాబు తెలియదు. ఆ దుకాణం 2020లో మూతపడింది. వార్త చదివినప్పుడు, రెండు మూడు రాత్రులే గడిపిన చోటు కోసం మనసు అంత బరువెక్కుతుందని అనుకోలేదు.

యమగాటా కూడా పుట్టుకతోనే ఇలా లేదు. 1989లో మొదటి చిత్రోత్సవం పోటీ విభాగంలో ఆసియా చిత్రం ఒక్కటీ లేదు. అతిథులుగా వచ్చిన ఆసియా దర్శకులు, ఫిలిప్పీన్స్‌కు చెందిన కిద్లాత్ తహిమిక్ లాంటి వాళ్లు, ఒగావాతో కలిసి కూర్చుని అది ఎందుకని చర్చించి ఒక ప్రకటన చేశారు. ఆ తర్వాత ఆసియా చిత్రాలకు ప్రత్యేక విభాగం వచ్చింది. 1992లో ఒగావా పోయాక ఆ విభాగంలో ఆయన పేరిట బహుమతి పెట్టారు. ఇప్పుడు ఆసియా యువ దర్శకులు ముందుగా చూసే చోట్లలో యమగాటా ఒకటి. వచ్చిన అతిథులు మాట్లాడారు, నిర్వాహకులు విన్నారు, పండుగ రూపమే మారింది. ఆ చిత్రాల లింకులు మాత్రమే వచ్చి ఉంటే ఆ చర్చ ఎవరు చేసేవారు?

లింకు వైపు వాదన

అయినా మాస్టారి వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. 2021లో కరోనా వల్ల యమగాటా చిత్రోత్సవం పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరిగింది. నేను టోక్యోలో అద్దె గదిలో కూర్చుని చూశాను. అర్థం కాని చోట ఆపి, నిఘంటువు చూసుకుని, మళ్లీ నడిపించాను. ఒక విధంగా చిత్రాలు 2019లో కన్నా బాగా అర్థమయ్యాయి. ప్రయాణం చేయలేని వాళ్లు, పసిపిల్లలున్న తల్లులు, ముసలివాళ్లు చూడగలిగారు. అది చిన్న లాభం కాదు. మా పెద్దాయనకే వాళ్ల మనవరాలు ఫోనులో ఆ చిత్రం పెట్టి, ఆపి ఆపి చదివి వినిపించి ఉంటే, మా హాలులో కన్నా ఎక్కువ అందేది.

కానీ ఆన్‌లైన్ ప్రశ్నోత్తరాల్లో ఒకటి గమనించాను. అడిగినవాళ్లకు జవాబు వచ్చేది, అంతటితో ఆగిపోయేది. "అది కాదండీ" అనే అవకాశం ఎవరికీ లేదు. వరండా లేదు, ముడి వేసి చూపించడానికి కండువా లేదు. మాట మొదటిసారి సరిగా చేరకపోవడం సహజం. రెండోసారి, మూడోసారి ప్రయత్నించే సావకాశం మనిషి ఎదురుగా ఉన్నప్పుడే దొరుకుతుంది. ఆ సావకాశాన్ని మేము పది నిమిషాలకు కుదించి, నా లాంటి ఆత్రగాడి చేతిలో పెట్టాం.

మా బృందంలో సాహిత్యం పాఠాలు చెప్పే మిత్రుడు ఒకరు మరో అభ్యంతరం చెబుతారు. చిత్రమే మాట్లాడాలి, తీసినవాళ్లు వచ్చి అర్థం చెబితే చూసినవాళ్ల ఊహకు తాళం పడుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. మంచి చిత్రం చూసిన వెంటనే లైట్లు వేసి ఎవరో మాట్లాడటం నాకూ కష్టంగా ఉంటుంది. కొందరు దర్శకులు తమ చిత్రానికి తామే కాపలాదారుల్లా మాట్లాడతారు. అయితే నేను కోరుకుంటున్నది దర్శకులు అర్థం చెప్పడం కాదు. వాళ్లు వినడం. ఆ పెద్దాయన అడిగింది ఆవిడ చిత్రానికి అర్థం కాదు. చిత్రంలో లేని సగాన్ని, అవతలి ఒడ్డుని, ఆవిడ ముందు పెట్టారు. ఆ రోజు తీసుకోవలసింది అతిథి, ఇవ్వవలసింది హాలు.

బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఎందుకుంటారో చిన్నప్పుడు తెలిసేది కాదు. కథకుడికి కథ వచ్చు, గొంతు ఉంది, మధ్యలో వాళ్లెందుకు అనుకునేవాణ్ని. జనం అడగాలనుకుని అడగలేనిది వాళ్లు అడుగుతారు. కథకుడు వాళ్లకు చెబుతున్నట్టుగా జనానికి చెబుతాడు. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ వినిపించే బెన్షిలు ఉండేవారు. వాళ్ల పేరు చూసి జనం హాలుకు వచ్చేవారు. మన దగ్గర దుబాసీ అన్న మాటకు మంచి పేరు లేదు. దొరల పక్కన నిలబడి రెండు వైపులా లాభపడినవాళ్లుగానే గుర్తుపెట్టుకున్నాం. ఆ పనికి వంత అనే పేరు పెడితే గౌరవం దక్కుతుందేమో. జనం తరఫున నిలబడి అడగడమే కదా ఆ పని.

ఫోనే అనువదిస్తుంది కదా అని మా కుర్రవాళ్లలో ఒకరు అన్నారు. మాటలు మారుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మేట అంటే ఏమిటో తెలియాలంటే గోదావరి తెలియాలి. ఆవిడ భాషలో నది మధ్య ఇసుక దిబ్బకు చపొరి అంటారు. లంక అనగానే చపొరి అని చెప్పగలిగి ఉంటే, ఆవిడకు సగం ప్రశ్న అప్పుడే అర్థమయ్యేది. ఆ మాట చిత్రంలోనే పదిసార్లు వినిపించింది. విని కూడా నాకు తట్టలేదు. ముందు రోజు ఒక గంట ఆవిడతో కూర్చుని ఉంటే తట్టేది. నేను ఆ గంటను ఫ్లెక్సీలు కట్టించడానికి ఖర్చు చేశాను.

ఏది తగ్గించాలి

కాబట్టి వచ్చే సంవత్సరానికి నా ప్రతిపాదన ఇలా ఉంటుంది. ఈసారి మూడు రోజుల్లో ఇరవై ఒక్క చిత్రాలు వేశాం. వచ్చేసారి తొమ్మిది చాలు. ఏడుగురు అతిథుల బదులు ముగ్గురు. వాళ్లు మూడు రోజులూ ఊళ్లోనే ఉండాలి. ప్రతి చిత్రానికీ తెలుగు అక్షరాలు మేమే సిద్ధం చేయాలి. డెబ్బై నిమిషాల చిత్రంలో ఏడెనిమిది వందల వాక్యాలు ఉంటాయి. డిగ్రీ కళాశాలలో చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు తాము చేస్తామని ముందుకు వచ్చారు. వాళ్లకు డబ్బు ఇచ్చి చేయించుకోవాలి, సేవ పేరుతో కాదు. ముఖాముఖికి గంట. దానికి ముందు ప్రసంగాలు, సన్మానాలు ఉండకూడదు. దుబాసీ ముందు రోజే దర్శకులతో కలిసి చిత్రం చూడాలి.

డబ్బు గురించి మాస్టారు తప్పక అడుగుతారు. గోరఖ్‌పూర్‌లో 2006లో మొదలైన "ప్రతిరోధ్ కా సినిమా" వాళ్లు కంపెనీల దగ్గరా ప్రభుత్వం దగ్గరా డబ్బు తీసుకోకుండా, చూసేవాళ్ల చందాలతోనే ఊరూరా చిత్రోత్సవాలు జరిపారు. మా దారి కూడా దాదాపు అదే. శాలువాలు, జ్ఞాపికలు, నిలువెత్తు ఫ్లెక్సీలు, నలుగురు అతిథుల ప్రయాణం ఆపితే ఇద్దరు అమ్మాయిలకూ ఒక దుబాసీకీ సరిపోతుంది. అతిథులకు చిత్రం చూపినందుకు కొంత రుసుము కూడా ఇవ్వవచ్చు. ఇప్పటిదాకా ఇవ్వలేదు. నెలల తరబడి ఇసుక దిబ్బల మీద తిరిగి తీసిన చిత్రానికి మేము ఇచ్చింది ఇత్తడి జ్ఞాపిక.

ఈ ప్రతిపాదనలో నాకు సమాధానం దొరకని చోటు ఒకటుంది. తీసేసే పన్నెండు చిత్రాల్లో మా ఊరి పిల్లలు తీసిన లఘుచిత్రాలే ఎక్కువ. ఈసారి పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి తన పన్నెండు నిమిషాల చిత్రానికి వాళ్ల అమ్మను తీసుకువచ్చాడు. చివర పేర్లు వస్తున్నప్పుడు ఆవిడ లేచి నిలబడింది, కొడుకు పేరు వచ్చేదాకా నిలబడే ఉంది. వాళ్ల కోసం నెలకొక ఆదివారం విడిగా ప్రదర్శన పెడదామని నేను అంటే, ఆ అబ్బాయి సూటిగా చెప్పాడు. "అది వేరు, ఇది వేరు సార్. బయటి నుంచి వచ్చినవాళ్ల చిత్రాల మధ్య నాది కూడా వేశారు, అందుకే మా అమ్మ వచ్చింది." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదిలో రెండో మూడో ఊరి పిల్లలవి ఉండాలని ఇప్పుడు అనుకుంటున్నాను. అయినా చాలామందికి చోటు పోతుంది. అంత లోతుగా ఒక చిత్రం దగ్గర ఆగడం కోసం ఇంతమందిని వాకిట్లో నిలబెట్టడం న్యాయమా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. వదలకపోయినా తొమ్మిదికే ఓటు వేస్తాను.

పడవ

టీ దుకాణం దగ్గర విన్నది విన్నట్టుగా, ఒక్క మాట వదలకుండా, ఆ రాత్రే రాసి దర్శకురాలికి పంపాను. నా తప్పు కూడా రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. పెద్దాయన ప్రశ్నకు జవాబు కాదు. ఆవిడే మూడు ప్రశ్నలు పంపారు. పోయిన పొలానికి పేరు ఉండేదా, ఉంటే అవతలి ఒడ్డువాళ్లు మేట వేసిన నేలను ఆ పేరుతోనే పిలుస్తున్నారా? రెండు ఊళ్ల మధ్య పెళ్లి సంబంధాలు ఉన్నాయా? నది ఇంకోసారి దారి మార్చుకుని ఆ మట్టిని తిరిగి ఇటు తెస్తే ఏం చేస్తారు?

ఆ కాగితం పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఒక్కొక్కటి చదివి వినిపించాను. ఈసారి ప్రతి ప్రశ్న తర్వాత ఆగాను. మొదటిదానికి ఆయన పొలం పేరు చెప్పారు. అవతలివాళ్లు ఏమని పిలుస్తున్నారో తనకు తెలియదన్నారు. అలా పిలుస్తారేమో అన్న ఆలోచనే ఆయనకు ఇన్నేళ్లలో రాలేదట. చాలాసేపు అరుగు మీద మౌనంగా కూర్చున్నారు. రెండోదానికి, ఉన్నాయి, మా మేనకోడల్ని అక్కడే ఇచ్చాం అన్నారు. మూడోది విని, కాగితం మడిచి నా చేతికి ఇచ్చేశారు.

"ఇది ఇలా చెప్పేది కాదు బాబూ. ఆవిడనే రమ్మనండి. పడవ మీద తీసుకువెళ్లి చూపిస్తాను. అవతలివాళ్లతో కూడా మాట్లాడవచ్చు, మా మేనకోడలి ఇంటికే కదా వెళ్లేది."

ఎప్పుడు రమ్మనమంటారు అని అడిగాను. ఆగస్టులో వరద ఉంటుంది, పడవ కట్టరు, మేట కూడా నీళ్ల కిందే ఉంటుంది అన్నారు. జనవరిలో అయితే నీరు తగ్గి నేల మొత్తం బయటపడి ఉంటుందట.

మా చిత్రోత్సవం నాలుగేళ్లుగా ఆగస్టులోనే జరుగుతోంది. వచ్చే ఆదివారం మళ్లీ గ్రంథాలయం మేడ మీద కూర్చుంటాం. తేదీలు జనవరికి మార్చాలని ముందు అదే అడుగుతాను. మాస్టారు రైలు టిక్కెట్టు ఎంత అవుతుందని అడిగితే కనుక్కుని ఉంచాను. పడవకు మాత్రం డబ్బు తీసుకోనని పెద్దాయన అన్నారు.